దారం లోపలి పేజీలు

ఆ ఆదివారం పొద్దున గోదావరిఖని కార్మికుల క్లబ్బులో, లైబ్రరీ గదిలో ఉన్నవి: నాలుగు ఇనుప ర్యాకులు, ఒక కాలు కింద ఇటుక పెట్టిన బల్ల, తిరగని ఫ్యాను, గోడకు ఒక మేకు. ఉన్నవాళ్లు: క్లబ్బు గుమాస్తా, పాత కాగితం కొనే యూసుఫ్ భాయ్, నేను. యూసుఫ్ భాయ్ వెంట అతని కాటా, రాళ్లు ఉన్నాయి. గోడ మేకుకు ఒకప్పుడు ఒక కర్ర వేలాడేది. ఆ కర్రా లేదు, దాని మనిషీ లేడు.

లైబ్రరీ తీసేసి ఆ గదిలో కంప్యూటర్లు పెడతారని నాన్న ఫోనులో చెప్పాడు. నేను అప్పటికి వేరే ఏరియా గనిలో, షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌గా చేస్తున్నాను. సెలవు మీద వచ్చినవాణ్ని, చూసిపోదామని వెళ్లాను. కొనాలని కాదు. నవలలు చదివే అలవాటు నాకు పెద్దగా లేదు.

యూసుఫ్ భాయ్ పుస్తకాలు బొత్తులుగా కాటా మీద పెడుతూ ఒకదాని దగ్గర ఆగాడు. అట్ట చినిగిన నవల. నడుమ కొన్ని పేజీలను కలిపి పైనుంచి కిందికి ఎర్రదారం చుట్టి ముడి వేసి ఉంది. పుస్తకం తెరుచుకుంటుంది, ఆ పేజీలు మాత్రం తెరుచుకోవు.

"దర్గాల కట్టే దారం లెక్కున్నది సాబ్. ఇది నేను తెంప" అన్నాడు.

"అది మొక్కు దారం కాదు భాయ్. సర్దార్ దారం" అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండానే.

సర్దార్ కాక పోయి అప్పటికి ఏడాది కాలేదు.

ఆయన్ను అందరూ సర్దార్ కాక అనే పిలిచేవారు. పేరు చాలామందికి తెలియదు. నాకు తెలుసు కానీ, ఆయనను తలుచుకుంటే పేరు గుర్తుకు రాదు. మొదట గుర్తుకొచ్చేది తల వంచుకుని గుమ్మం దాటడం. క్లబ్బు గుమ్మం ఏడడుగులు. ఆయన ఐదున్నర ఉంటాడేమో. అయినా ఎప్పుడూ వంగే వచ్చేవాడు. కుర్చీ ఉన్నా గోడ పక్కన గొంతు కూర్చునేవాడు. ఎత్తులేని గ్యాలరీల్లో ముప్పై ఏళ్లు నడిచిన నడుముకు కుర్చీ పడదని నాన్న అనేవాడు. నాన్న కూడా బొగ్గు నింపినవాడే, ఆయనా కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకునే కూర్చుంటాడు.

బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్ అంటే, షిఫ్టు మనుషులకన్నా ముందు లోపలికి పోయి కప్పు చూసేవాడు. కప్పు అంటే తలమీది బొగ్గూ రాయీ. కర్రతో తట్టి వింటాడు. గట్టిగా ఉంటే ఒక చప్పుడు. లోపల పగులుంటే ఇంకో చప్పుడు, డొల్లగా. బాగుంటే సుద్దతో గీత గీసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెడతాడు. బాగాలేకపోతే అడ్డంగా కట్టెలు కట్టి ఎర్రగుడ్డ వేలాడదీస్తాడు. దాన్ని ఫెన్సింగ్ అంటారు. ఫెన్సింగ్ దాటి ఎవరూ పోకూడదు. వేసినవాడే తీయాలి. ఇంకొకటి, అన్నిటికన్నా ముందుది: చూడకుండా సంతకం పెట్టకూడదు. ఇవన్నీ నేను పాలిటెక్నిక్‌లో పుస్తకంలో చదువుకున్నాను. అంతకుముందే లైబ్రరీలో చూశాను.

మోకాలూ ఊపిరీ రెండూ పాడయ్యాక ఆయనకు పైన పని ఇచ్చారు. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళదాకా లైబ్రరీ తెరిచి కూర్చోవడం పని. కూర్చున్నవాడు ఊరికే కూర్చోలేదు. మొదటి ర్యాకు మొదటి పుస్తకం నుంచి చదవడం మొదలుపెట్టాడు. చదివిన ప్రతి పేజీ పైమూల పెన్సిలుతో చిన్న గీత గీసేవాడు. అధ్యాయం అయిపోతే తేదీ, పొట్టి సంతకం. పుస్తకాలు ఖరాబు చేస్తున్నాడని గుమాస్తా ఎవరికో ఫిర్యాదు కూడా చేశాడు. ఏమీ కాలేదు. కొన్నాళ్లకు కాలనీలో ఆడవాళ్లే గీతలు ఉన్నాయా లేవా చూసి పుస్తకం తీసుకోవడం మొదలుపెట్టారు. గీత ఉంటే, కాక చూసిండు అనేవారు.

కొత్త పుస్తకం చేతికొస్తే ముందు దాని వీపు మీద వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. పిల్లలు ఆయన వెనక నిలబడి అలాగే చేసేవారు. ఆయన నవ్వేవాడు కాదు, కసిరేవాడూ కాదు. "కప్పు మాట్లాడ్తది. మనమే ఇనం" అనేవాడు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

ర్యాకులు కూడా ఆయన లెక్క ప్రకారమే సర్దాడు. అపరాధ పరిశోధనలన్నీ గట్టి కప్పు. ఎంతమంది చచ్చినా చదివేవాడి మీద ఏమీ పడదట. ప్రేమ కథలు మెత్త కప్పు. కొంచెం రాలుతుంది, దులుపుకుంటే పోతుంది. చివరి ర్యాకు డొల్ల కప్పు. ఆ ర్యాకులో ఉన్నవి: కరువులో పిల్లల్ని అమ్ముకున్నవాళ్ల కథలు, మతిపోయిన భార్యల కథలు, జైలు నుంచి వచ్చి ఇంట్లో మాట్లాడని మనుషుల కథలు. కాలనీలో గిరాకీ అంతా ఆ ర్యాకుకే. మొదటి షిఫ్టు మగవాళ్లు తిని పడుకున్నాక ఆడవాళ్లు వచ్చేవారు. మా పక్క క్వార్టర్ వదిన గుమ్మంలోంచే అడిగేది, "కాకా, ఇయ్యాల జర కూలే పుస్తకం ఇయ్యి" అని.

ఆయన వెంటనే ఇచ్చేవాడు కాదు. ఇంట్ల అందరు మంచిగున్నరా అని అడిగేవాడు. మరిదికి కామెర్లు అంటే గట్టి కప్పు ర్యాకు చూపించేవాడు. మొగడు డ్యూటీకి పోతలేడు, తాగుతున్నడు అంటే మెత్త కప్పు. అన్నీ బాగున్నాయని గట్టిగా చెప్పినవాళ్లకే చివరి ర్యాకు. వదిన ఒకసారి అబద్ధం చెప్పి పుస్తకం తీసుకుపోయింది. ఆమె దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన ఆమె ముఖం చూసి, పుస్తకం చూసి, ఆ నెలంతా వంటల పుస్తకం తప్ప ఇవ్వలేదు. అదే కూర నాలుగుసార్లు తిన్నానని ఆమె భర్త మొత్తుకునేవాడు.

మంచి నవలలో ఒక్కచోటే మరీ చెడ్డగా ఉంటే ఆ పేజీలకు దారం కట్టేవాడు. బాయిలో వాడే ఎర్రజెండా పాతదొకటి ఆయన దగ్గర ఉండేది. దాన్నుంచి పోగు పీకి, పేనేవాడు. కట్టేముందు ఆ పేజీలు నిలబడి చదివేవాడు, గుమ్మం దగ్గర, ఒక కాలు బయటపెట్టి. ఎందుకు కాకా అని అడిగాను ఒకసారి. "చెడ్డ కప్పు కింద ఉన్నప్పుడు ఉర్కే తొవ్వ ఉంచుకోవాలె" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూడలేదు. ముక్కు చీదుకునేవాడు. అది బొగ్గుధూళి అనేవాడు. బాయి వదిలి అప్పటికి చాలా ఏళ్లయింది.

ఇంట్లో ఒంటరి. భార్య ముందే పోయింది. తమ్ముడు ఒకడుండేవాడట, బాయిలోనే పోయాడు. అంతకుమించి నాన్న చెప్పేవాడు కాదు. ఒక్కటి మాత్రం చెప్పాడు: ఆ రోజు ఆ కప్పు చూసింది సర్దార్ కాకే. తట్టాడు, గట్టిగానే పలికింది, గీత గీశాడు. షిఫ్టు నడుమ కూలింది. ఆయన తప్పేమీ లేదని తేల్చారు. ఆ ముచ్చట ఆయన ముందట తియ్యకు అన్నాడు. నేను తీయలేదు.

ఇప్పుడు మా అక్క సంగతి.

అక్కను బసంత్‌నగర్ ఇచ్చారు. బావ సిమెంటు ఫ్యాక్టరీలో పని. మొదటి కాన్పుకు అక్క మా క్వార్టర్‌కు వచ్చింది. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. ఆపరేషన్ చేసి తీశారు. అక్కకు మత్తు దిగేలోపు బావా నాన్నా బిడ్డను గోదావరి ఒడ్డుకు తీసుకుపోయి వచ్చారు. పెద్దవాళ్లందరూ కలిసి అనుకున్న మాట: చూస్తే తట్టుకోదు, చూడకపోతే జల్ది మరిచిపోతది. ఆ వారం నాకు పాలిటెక్నిక్ పరీక్షలు. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

తర్వాత అక్క లేచింది, తిన్నది, గిన్నెలు కడిగింది. ఏడవలేదు. మాట్లాడటం తగ్గించింది. ఏమడిగినా ఆఁ అనేది. బావ ఆదివారాలు బస్సులో వచ్చి, ఆమె పక్కన కాసేపు కూర్చుని, టీ తాగి పోయేవాడు. అమ్మ దేవుళ్లకు మొక్కింది. రామగుండంలో ఎవరో చెబితే తాయెత్తు తెచ్చింది. అక్క దాన్నీ కట్టించుకుంది. ఏమీ మారలేదు. ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తేవారు కాదు. ఎత్తకపోవడమే వైద్యం అనుకున్నాం.

వదినే నోరు జారింది. పప్పు ఏరుతూ అమ్మతో చెబుతోంది, కాక దగ్గరకు కొత్తగా ఒక నవల వచ్చిందట, అందులో తల్లి బిడ్డను పోగొట్టుకుంటుందట, అక్కడి పేజీలకు కాక దారం కట్టాడట. అమ్మ కళ్లతో సైగ చేసేలోపు మాట అయిపోయింది. లోపలి గదిలోంచి అక్క వచ్చింది.

"ఆ పుస్తకం తెచ్చియ్యి తమ్మీ" అంది.

చాలా రోజుల తర్వాత ఆమె తనంతట తాను అడిగింది అదొక్కటే.

నేను వెళ్లి అడిగితే కాక ఎవరికి అన్నాడు. చెప్పాను. ఇయ్య అన్నాడు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. అప్పుడు లేచి, చివరి ర్యాకులోంచి తీసి, ముడి ఒకసారి లాగి చూసి ఇచ్చాడు.

"దారం ముందుది సదువుమను. దారం ఎన్కది సదువుమను. దారం ముట్టద్దని చెప్పు."

అక్క దాన్ని మూడు నాలుగు మధ్యాహ్నాలు చదివింది. నేను ఆమె ముఖం గమనించాను. బొగ్గు తవ్వేచోట గాలి ఎంత ఉందో మీటరు పెట్టి చూసినట్టు, రోజూ ఒకే వేళకు చూశాను. తేడా ఏమీ కనబడలేదు.

చదవడం అయిన రోజు చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని, నాతో రా అంది. కాన్పు తర్వాత ఆమె గడప దాటడం అదే మొదలు. లైబ్రరీలో ఆ వేళ మేం ముగ్గురమే. ఫ్యాను అప్పట్లో తిరిగేది. అక్క పుస్తకం బల్ల మీద పెట్టింది. దారం కట్టింది కట్టినట్టే ఉంది.

"విప్పు కాకా."

"ఎందుకు బిడ్డా. ముందుది సదివినవు, ఎన్కది సదివినవు. కథ సమజయింది గద."

"సమజయింది. ముందు బిడ్డ ఉన్నది. ఎన్క బిడ్డ లేదు. నడుమ ఏమైందో ఎవ్వలు చెప్తలేరు."

ఆయన గొంతు కూర్చున్నచోటే కదిలాడు. కొన్నాళ్లు పోనీ, ఒళ్లు బాగుపడనీ అన్నట్టు ఏదో అన్నాడు. అక్క నిలబడే ఉంది.

"ఫెన్సింగ్ ఏసినోడే తియ్యాలె. మా నాయిన చెప్పిండు. అందుకని వచ్చిన. లేకుంటే మా ఇంట్ల కత్తెర లేదా?"

కాక బల్ల మీది పుస్తకం వైపు చూశాడు.

"అందరు గిట్లనే జేసిన్రు. నేను లేశేటాలకు బిడ్డ లేదు. చూస్తే తట్టుకోదన్నరట. చూస్తవా అని ఒక్కలన్న అడిగిన్రా కాకా? నువ్వు గూడ అడగకనే కడ్తివి."

గొంతు పెంచలేదు. అన్నం పెట్టమని అడిగినట్టే అంది. నేను కిటికీవైపు చూశాను. బయట సైకిలు స్టాండులో ఎవరో గాలి కొట్టుకుంటున్నారు.

కాక లేచి బల్ల దగ్గరకు వచ్చాడు. దారం మీద వేలు పెట్టాడు. విప్పలేదు.

"నేను లోపలికి పోలే బిడ్డా" అన్నాడు.

అక్కకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఆ పేజీలు నేను సదువలే. గుమ్మం కాడ నిలవడ్డ. నూట డెబ్బయి దాక పోయిన. పేజీ మర్లేసుడు చెయ్యి రాలే. ఆడికెల్లి అధ్యాయం ఆఖరుదాక దారం కట్టి పెట్టిన."

అన్ని పుస్తకాల్లో ఆయన చూడకుండా కట్టింది అదొక్కటే. సర్దార్ చేయకూడని పని. ఇది ఆయన చెప్పకముందే, నేను పుస్తకం పక్కనుంచి చూస్తే కనబడి ఉండేది: పేజీల మూలల గీతలు వరసగా వచ్చి దారం దగ్గర ఆగిపోయాయి, దారం తర్వాత మళ్లీ మొదలయ్యాయి. నేను చూడలేదు. ఎవరూ చూడలేదు.

"సరే. విప్పు. లోపలికి నేను పోత. నువ్వు ఈడ కూసో" అంది అక్క.

ఆయన ముడి విప్పాడు. గోళ్లతో విప్పడానికి కొంచెంసేపు పట్టింది. దారం గుండ్రంగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్క బెంచీ మీద కూర్చుని చదివింది. ఆయన మేకు మీది కర్ర తీసుకుని, గోడకు ఆనుకుని, దాన్ని రెండు మోకాళ్ల నడుమ పట్టుకుని, ఆమె పేజీ తిప్పినప్పుడల్లా తల ఎత్తి చూశాడు. కప్పు కింద మనిషిని పంపి బయట నిలబడ్డవాడు అలాగే చూస్తాడు. అక్క ఎక్కడా ఆగలేదు. ఎక్కడా ఏడవలేదు. అయిపోయాక పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏమున్నది బిడ్డా అండ్ల?"

"తల్లి ఉన్నది. బిడ్డ ఉన్నది. నీళ్లు కాగవెడ్తది. తానం పోస్తది. కాలేళ్లు ఒక్కొక్కటి తుడుస్తది. పేరు పెడ్తది. ఇగ తీస్కపోండ్రి అంటది."

"గంతేనా?"

"గంతే."

"ఏడుస్తదా?"

"అండ్ల లేదు. ఎన్క ఏడుస్తది, నువ్వు సదివిందే."

కాక కర్ర చివర నేల మీద ఒకసారి తట్టాడు. గట్టి నేలే. తర్వాత ఆయన చెప్పాడు. మమ్మల్ని చూసి కాదు, కర్ర చూస్తూ.

"మా అవ్వ గూడ అడిగింది. తమ్మున్ని బాయిలకెల్లి తెచ్చిననాడు. ఒక్కపారి మొఖం జూపియ్యి కొడుకా అన్నది. నేను గుడ్డ ఇప్పలే. ఎవ్వల్నీ ఇప్పనియ్యలే. చూసే తీరుగ లేకుండె. మా అవ్వ ఇంక పదేండ్లు బతికింది. వాని నోట్లె బొగ్గు తుడిసినవారా, కండ్లు మూసినవారా. పొద్దుగాల చాయ్ తాగుకుంట అడుగుతుండె. అన్నం తినుకుంట అడుగుతుండె. తుడిసిన అవ్వా అని చెప్తుంటి."

"తుడిసినవా?" అంది అక్క.

"తుడిసిన. కని ఆమె నమ్మలే. చూడలే గద."

అక్క లేచి పుస్తకం ఆయన చేతికి ఇచ్చింది. ఆయన జేబులోంచి దారం తీశాడు. ఇంకా ఎవరెవరో వస్తారు, విప్పి ఉంచితే ఎట్లా అన్నాడు.

"కట్టు కాకా. కట్టద్దంటలేను. అడిగినోళ్లకు విప్పియ్యి."

అంతే. మేం ఇంటికి వచ్చాం.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె చేస్తోంది. అక్క పక్కన పీట వేసుకుని కూర్చుంది. నా బిడ్డ ఎట్లుండె అని అడిగింది. అమ్మ చెయ్యి పిండిలో ఆగింది. నావైపు చూసింది. రొట్టె పెనం మీద మాడింది. అమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి చెప్పింది. జుట్టు ఒత్తుగా ఉండె. చెవులు నీ లెక్కనే. ఎడమ చెయ్యి పిడికిలి పట్టి ఉండె, నేను విప్పి చూసిన, ఏం లేదు. తెల్లటి గుడ్డల చుట్టిన, నీ పాత చీర కొంగు కప్పిన. అమ్మ ఇంత చూసిందని మాకెవరికీ తెలియదు. అక్క ఏ చీర అని అడిగింది. అమ్మ చెప్పింది. అక్క సరే అంది.

ఆ రోజు ఆమె బిడ్డకు పేరు పెట్టింది. ఆ పేరు ఇక్కడ రాయను. మర్నాడు పొద్దున బట్టలు ఉతుకుతూ ఏడ్చింది. చాలాసేపు. పారుతున్న నీళ్ల నల్లాను అమ్మ కట్టేయలేదు. వదిన వచ్చి చూసి, వెనక్కి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా అక్క బసంత్‌నగర్ వెళ్లింది. బాగైపోయిందని అనను. బావతో మాట్లాడుతుంది. ఇప్పుడొక కొడుకు ఉన్నాడు.

తెలంగాణ కోసం బాయిలన్నీ బంద్ పెట్టిన సమ్మె రోజుల్లో లైబ్రరీ నిండిపోయింది. పని లేని మగవాళ్లు ధర్నా నుంచి లేచి వచ్చి పుస్తకాలు అడిగేవారు. కాక వాళ్లకు గట్టి కప్పు ఇచ్చేవాడు. ఒక మెషిన్ ఆపరేటర్, పెద్ద మీసాలాయన, ఎర్రదారం నవల కావాలని పట్టుబట్టాడు. ఇంట్ల ఏడుపు చాలదా నీకు అని పక్కవాళ్లు ఎగతాళి చేశారు. కాక ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. వెనకటి కాకైతే ఇంటి సంగతులన్నీ అడిగేవాడు. ఆ రోజు ఒక్క మాటే అడిగాడు.

"చూస్తవా?"

"చూస్త."

ముడి విప్పి ఇచ్చాడు. ఆ ఆపరేటర్ మర్నాడు కళ్లు ఉబ్బి కనబడితే, కండ్లకలక వచ్చిందని చెప్పుకున్నాడు. జ్యోతినగర్‌దాకా పోయి మందు కూడా తెచ్చుకున్నాడు. ధర్నా టెంటు కింద ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు, అంటుకుంటుందని.

పుస్తకం తిరిగొచ్చాక కాక మళ్లీ దారం కట్టడం నేను చూశాను. అదే చివరిసారి ఆయన్ను చూడటం. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, వేరే ఏరియాకు వెళ్లాను. మొదటి నెలలో ఒక సర్దార్ వెనక నడుస్తూ, అతను కర్రతో తడుతుంటే వింటూ, గట్టి చప్పుడుకూ డొల్ల చప్పుడుకూ తేడా నాకు వెంటనే తెలియలేదు. కొంతకాలం పట్టింది. కాక పోయిన కబురు నాన్న ఫోనులో చెప్పాడు. ఊపిరి ఆడలేదట. ఆ రోజు నా షిఫ్టులో మనుషులు తక్కువ. సెలవు దొరకలేదు. దొరికితే వెళ్లేవాణ్ని. కర్రను ఆయనతోపాటే పంపించారని తర్వాత తెలిసింది.

"తీసుకుంటవా సాబ్, కాటా మీద పెట్టాల్నా?" అన్నాడు యూసుఫ్ భాయ్.

నవల నా చేతిలో ఉంది. వేసినవాడే తీయాలి. వేసినవాడు లేకపోతే, అతని తర్వాత డ్యూటీకి వచ్చినవాడు చూసి తీయవచ్చు. అది కూడా ఉంది నియమాల్లో. ముడి విప్పాను. గట్టిగా వేసిన ముడి, తడిసి ఆరినట్టుంది.

లోపల నూట డెబ్బయి ఒకటి నుంచి నూట ఎనభై నాలుగు దాకా. అక్క చదివిన రోజున ఆ పేజీల మూలల్లో ఏమీ లేదు. ఇప్పుడు ఉన్నాయి. అన్నిచోట్లా అధ్యాయం చివర ఒక్కసారే వేసే తేదీ, సంతకం, ఇక్కడ ప్రతి పేజీ మీద విడిగా వేసి ఉన్నాయి. ఒక తేదీకీ ఇంకో తేదీకీ మధ్య కొన్నిచోట్ల వారం తేడా, కొన్నిచోట్ల నెల. చివరికొచ్చేసరికి పెన్సిలు గీత వంకర పోయింది. చివరి తేదీ ఆయన పోవడానికి కొంచెం ముందుది.

లెక్కపెట్టాను. పేజీలు పద్నాలుగు. గీతలు పద్నాలుగు.